బాతు విమానం సీటు గుడ్డ

కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
జనవరి 9

అక్కా,

ముందు శుభవార్త, తర్వాత గొప్పలు. ఏది ముందు రాసినా నువ్వు గొప్పలే అంటావు కాబట్టి రెండూ కలిపి రాసేస్తున్నాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ముప్ఫై ఏళ్లు కుట్టుమిషన్ల హోరులో కూర్చున్న నీ చెవులకి ఫోన్లో సగం మాటలే చేరతాయి. మిగతా సగం నువ్వే కల్పించుకుని బావకి చెబుతావు. అందుకే ఉత్తరం.

పోయిన వారం విమానం ఎక్కాను. నువ్వు పనిచేసిన సంస్థవాళ్లే పిలిపించారు. కొత్త విమానం, కిటికీ సీటు. క్యాబిన్ గురించి చెప్పమంటావా? చెప్పొద్దన్నా చెబుతాను. సీటు వీపు అట్టముక్కలా ఉంది. దీపాలు వంకాయ రంగు. కూర్చున్నది మనుషులో గాజు తొట్టెలో చేపలో తెలియదు. జేబులోంచి టేపు తీసి ముందు సీటుకీ నా మోకాళ్లకీ మధ్య జాగా కొలుస్తుంటే ఎయిర్ హోస్టెస్ వచ్చి "ఒంట్లో బాగానే ఉందా అండీ?" అని అడిగింది. బాగానే ఉందమ్మా, ఈ సీట్లకే బాగాలేదు అన్నాను. ఇరవై తొమ్మిది అంగుళాలు. మన బాతులో ముప్ఫై ఎనిమిది ఉండేవి.

బాతు అన్నాను కదా, అసలు విషయం అదే. నువ్వు సీట్లు కుట్టిన ఆ సంస్థకి వచ్చే డిసెంబరుకి అరవై ఏళ్లు. వాళ్ల మొట్టమొదటి విమానం, రెక్కలకి పంకాలు తిరిగే నలభై నాలుగు సీట్ల విమానం, అందరూ బాతు అని పిలిచిన ఆ ముసలిదాన్ని మ్యూజియంలో పెట్టి, లోపల క్యాబిన్ అంతా ఆనాడు ఎలా ఉండేదో అలాగే తయారుచేస్తున్నారు. దానికో కమిటీ. ఆ కమిటీలో ఎవరున్నారో చెప్పుకో చూద్దాం. పైలట్ ఒకరు, ఇంజనీర్లు ఇద్దరు, మ్యూజియం మేడమ్, ఆ తర్వాత ఒక కళ్లజోళ్ల దుకాణదారు!

సీట్లు ఏ రంగో వాళ్లెవరికీ తెలియదు. రికార్డులు చెదలు తినేశాయి, సీట్ల మీద ఇప్పుడున్నది తర్వాతెప్పుడో వేసిన రెక్సిను. మిగిలిన ఒకే ఒక్క లోపలి ఫొటో నలుపు తెలుపుది, అందులో సీట్లన్నిటికీ తెల్లటి తొడుగులు వేసి ఉన్నాయి. అప్పుడు నేను సంచీలోంచి నా ఫ్రేము తీశాను. గుర్తుందా? నా పదో ఏట, ఒళ్లంతా పొక్కులతో మంచాన పడి, బాతు ఆఖరి ప్రయాణం చూడలేకపోయానని ఏడుస్తుంటే నువ్వు తెచ్చి నా గుప్పిట్లో పెట్టిన గుడ్డ ముక్క. ముదురాకుపచ్చ మీద ఆవాల రంగు చారలు. గది గదంతా లేచి నిలబడిందక్కా. అబద్ధం కాదు, పైలట్ గారు నిజంగానే లేచి నిలబడ్డారు.

నలభై నాలుగు సీట్లకీ అదే గుడ్డ నేయించబోతున్నారు. ఏప్రిల్ మొదటి వారంలో మిల్లు మగ్గం ఎక్కిస్తుంది. స్మారక పుస్తకంలో ఆ గుడ్డ మీద నా వ్యాసం కూడా వేస్తారట. యాభై ఎనిమిదేళ్లకి నన్నొక మనిషిగా గుర్తించారు. నీ మరదలు కూడా రెండు రోజులుగా నా మాటకి ఎదురు చెప్పడం లేదు.

నీ గాలిమోటారు


అమ్మాయి వాళ్ల ఇల్లు, మేడ మీద గది
జనవరి 20

ఒరేయ్ గాలిమోటారూ,

నీ ఉత్తరం అందింది. మీ బావ పైకి చదివి వినిపించారు. "రెండు రోజులు" అన్నచోట ఆగి, మరదలి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోమన్నారు.

కమిటీలో నిన్ను వేసుకున్నందుకు చాలా సంతోషం. నీకంటే తగినవాడు వాళ్లకి దొరకడు. ఏ విమానం ఏ సంవత్సరం ఏ ఊరికి వెళ్లిందో నీకు నోటికి వచ్చినట్టు మన ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు కూడా రావు.

నాకు కూడా సంస్థవాళ్లు ఏడాదికోసారి ఉచితంగా విమానం ఎక్కే కాగితం ఇచ్చేవాళ్లు కదా. రెండుసార్లు ఎక్కాను. పక్కనావిడ "మేఘాలు చూడండి, ఎంత బాగున్నాయో" అంటుంటే నేను ముందు సీటు వెనక కుట్టు వంకరపోయిందని బాధపడుతూ కూర్చున్నాను. దిగేదాకా దాని మీంచి కళ్లు తిప్పలేదు. రెండోసారి నిద్రపోయాను.

ఇంకో మాట. ఆ గుడ్డ ముక్క మరీ చిన్నది కదా, అరచేతిలో సగం. అంత చిన్న ముక్కని పట్టుకుని విమానం మొత్తానికి గుడ్డ నేయిస్తారా? ఇంకెవరినైనా అడిగి చూడకూడదూ? అప్పట్లో ప్రయాణం చేసినవాళ్లు ఉంటారు, ఎయిర్ హోస్టెస్‌లు ఉంటారు. తొందరపడకండి. పాత గుడ్డలు రంగు మారతాయి కూడా.

మోకాళ్లు జాగ్రత్త. ఇరవై తొమ్మిది అంగుళాలంటే నీకు సరిపోదు.

అక్క


కళ్లజోళ్ల దుకాణం, వెనక గది
ఫిబ్రవరి 3

అక్కా,

రంగు మారతాయి అని నాకు నేర్పుతావా! నలభై ఎనిమిదేళ్లుగా ఎండ తగలకుండా దాచాను, దుకాణం పెట్టినప్పట్నుంచీ అద్దం వెనకే. నీ పెళ్లిఫొటో అయినా వెలిసిపోయింది గానీ ఆ ముక్క వెలవలేదు. ఎయిర్ హోస్టెస్‌లని కూడా అడిగాం. ఒకావిడ నీలం అంది, ఒకావిడ గోధుమ రంగు అంది, ఇంకొకావిడ సీట్ల సంగతి గుర్తులేదు గానీ రెండో పైలట్ మాత్రం అందగాడు అంది. జ్ఞాపకాలంటే ఇంతే. అందుకే వస్తువు కావాలి. ఆ వస్తువు నా దగ్గరుంది.

వ్యాసం పూర్తిచేశాను. పదహారు పేజీలు వచ్చింది. మొదట బాతు తిరిగిన దారి గురించి రాశాను. ఉదయం ఆరుంపావుకి లేచి రేవు పట్నంలో దిగి, గనుల ఊళ్లో దిగి, కొండ ఊళ్లో మబ్బు తొలిగేదాకా చక్కర్లు కొట్టి దిగి, ఇంకో రెండుచోట్ల వార్తాపత్రికల కట్టలూ కోడిపిల్లల పెట్టెలూ దింపి, మధ్యాహ్నానికి గమ్యం చేరేది. ఇప్పుడు అదే దూరం గంటా పది నిమిషాలు. మధ్యలో ఐదు ఊళ్లు కిటికీలోంచి కూడా కనబడవు. ఆ ఐదు ఊళ్లవాళ్లూ పొద్దున్నే బాతు శబ్దం విని గడియారం సరిచేసుకునేవాళ్లని రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి.

తర్వాత గుడ్డ. చారలు నిలువుగా ఎందుకు పెట్టారో తెలుసా? ఇరుకు క్యాబిన్‌లో కప్పు ఎత్తుగా కనబడాలని. ఆకుపచ్చ ఎందుకో తెలుసా? మొదటిసారి గాల్లోకి లేచినవాళ్లకి నేల మీదే ఉన్నామన్న ధైర్యం కలగాలని. ఆవాల రంగు చార పొద్దుటి ఎండకి గుర్తు. ఎంత ఆలోచించి ఉంటారో ఆ కాలంవాళ్లు! మ్యూజియం మేడమ్ ఈ భాగం రెండుసార్లు చదివి "మీరు కళ్లజోళ్లు అమ్ముకోవడం మాకు నష్టం" అన్నారు.

ఇప్పుడు నీతో చిన్న పని. మేడమ్‌కి ఒక సాక్ష్యం కాగితం కావాలట. ఆనాటి కుట్టు విభాగంలో ఇప్పుడు బతికున్నది నువ్వొక్కదానివే. "ఈ గుడ్డ ముక్క బాతు విమానం సీటు నుంచి నేను స్వయంగా కోసి తెచ్చినది" అని టైపు కొట్టించి పంపుతున్నాను. కింద సంతకం పెట్టి వెంటనే పంపు. మిగతాదంతా నేను చూసుకుంటాను.

నీ గాలిమోటారు


అమ్మాయి వాళ్ల ఇల్లు, మేడ మీద గది
ఫిబ్రవరి 15

ఒరేయ్,

కాగితం వచ్చింది. చదువుదామంటే నా కళ్లజోడు విరిగింది. మెట్లమీద జారిపడి రెండు ముక్కలైంది. చదవకుండా సంతకం పెట్టకూడదని నువ్వే కదా ఎప్పుడూ చెబుతావు. ఈ నాలుగు వాక్యాలు కూడా అంచనా మీద రాస్తున్నాను. కళ్లజోడు బాగయ్యాక చూద్దాం, తొందరేముంది.

మీ బావకి మోకాలి నొప్పి. అమ్మాయి కొత్త కుర్చీ కొంది, కుట్టు బాగాలేదు.

అక్క


కళ్లజోళ్ల దుకాణం, ముందు గది
ఫిబ్రవరి 24

అక్కా,

దేశంలో కళ్లజోడు విరిగితే ఏడవాల్సిన అక్కలు ఎంతోమంది ఉండొచ్చు గానీ వాళ్లలో నువ్వు లేవు. ఈ పార్శిల్‌లో రెండు జతలు పెట్టాను. ఒకటి చదవడానికి, ఒకటి మళ్లీ మెట్లమీద జారడానికి. నీ కంటి నంబరు నా దగ్గర పాతిక సంవత్సరాలుగా రాసి ఉంది. ఫ్రేము నీ మరదలు ఎంచింది, రంగు నచ్చకపోతే తననే తిట్టు.

అంచనా మీద రాసినా గీత తప్పకుండా ముత్యాల్లా రాశావు. అది నాకు కొంచెం వింతగానే అనిపించింది.

కాగితం మార్చి నెలాఖరుకల్లా మేడమ్ చేతిలో ఉండాలి. నమూనాకి పన్నెండు మీటర్లు నేసేశారప్పుడే. చేత్తో తడిమి చూశాను. పదేళ్ల వయసులో జ్వరంలో తడిమినట్టే ఉంది. నువ్వు లేకపోతే ఇదేదీ లేదక్కా. ఆ ముక్క నువ్వు తేకపోతే నేనీ విమానాల పిచ్చిలో పడేవాణ్ణే కాదు. ప్రారంభం రోజు నిన్ను మొదటి వరుసలో కూర్చోబెడతాను.

నీ గాలిమోటారు


అమ్మాయి వాళ్ల ఇల్లు, మేడ మీద గది
మార్చి 12

తమ్ముడూ,

ఇది కూర్చుని చదువు. మరదల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

కళ్లజోడు విరగలేదు. నువ్వు పంపినవి మాత్రం బాగా సరిపోయాయి. అవి పెట్టుకునే రాస్తున్నాను, ఇంక సాకులేమీ మిగల్లేదు.

ఆ గుడ్డ బాతుది కాదు.

నువ్వు మంచాన పడ్డ ఆ రోజు, బాతు సీటు ముక్క తెస్తానని మాటిచ్చి వెళ్లాను. వర్క్‌షాపులో మా మేస్త్రీ గారు కోసిన ప్రతి పీలికా లెక్కపెట్టేవారు. గేటు దగ్గర సంచీలు తెరిచి చూసేవాళ్లు. గుడ్డముక్క దొరికితే ఉద్యోగం ఊడినట్టే. అప్పుడు మన ఇల్లు నడిచేది నా ఉద్యోగం మీదే. రోజంతా ఆ సీట్ల చుట్టూ తిరిగాను, కత్తెర తియ్యడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం అయ్యేసరికి నువ్వు గుమ్మం వైపు చూస్తుంటావన్నదే ధ్యాస.

మేస్త్రీ గారికి మొలలు. గట్టి స్టూలు మీద కూర్చోలేక వాళ్లావిడ చేత బజార్లో గుడ్డ కొనిపించి, నాచేత దిండు కుట్టించుకున్నారు. కుట్టగా ఒక పీలిక మిగిలింది. అది సంస్థది కాదు, గేటు దగ్గర ఎవరూ అడగరు. దాన్ని అరచేతిలో సగమంత కోసి నీకు తెచ్చాను.

ఆకుపచ్చ ఎందుకో తెలుసా అని రాశావు కదా. మేస్త్రీ గారి భార్యకి ఆ రోజు బజార్లో అదే దొరికింది కాబట్టి. చారలు ఎందుకో తెలుసా? మరకలు కనబడవని.

నీ జ్వరం తగ్గగానే చెప్పేద్దామనుకున్నాను. తగ్గేలోపే నువ్వు దాన్ని అట్టకి అంటించావు. పోనీ బడి తెరిచాక చెబుదామంటే బడికి తీసుకెళ్లి అందరికీ చూపించావు. నీకు ఉద్యోగం వచ్చాక చెబుదామనుకుంటే, నువ్వు దుకాణం పెట్టి మొదటి అద్దం దానికే కోశావు. నేను చెబుదామనుకున్న ప్రతిసారీ ఆ ముక్క ఇంకాస్త పెద్ద ఫ్రేములోకి మారేది. నవ్వి ఊరుకున్నాను. పెద్దయ్యాక అబద్ధం చెప్పలేదురా, చెప్పిన అబద్ధాన్ని అలాగే ఉండనిచ్చాను. అదీ తప్పే.

నీ కాగితం మీద సంతకం పెట్టాలని రెండుసార్లు పెన్ను తీశాను. పెడితే నీ గౌరవం నిలుస్తుంది, ఎవరికీ తెలియదు. కానీ మేస్త్రీ గారి దిండు గుడ్డ నలభై నాలుగు సీట్లకి వేస్తుంటే మొదటి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టడం నావల్ల కాదు. ముప్ఫై ఏళ్లు ఆ పని చేసి తిన్నాను.

నన్ను తిట్టు. కానీ తిడుతూ రాయి, రాయకుండా మాత్రం ఉండకు.

అక్క


కళ్లజోళ్ల దుకాణం
మార్చి 18

అక్కా,

ఉత్తరం అందింది. కమిటీకి ఏం చెప్పాలో తోచడం లేదు. కళ్లజోడు సరిపోయినందుకు సంతోషం.

తమ్ముడు


అమ్మాయి వాళ్ల ఇల్లు, మేడ మీద గది
మార్చి 21

ఒరేయ్ గాలిమోటారూ,

మూడు ముక్కలు రాసి కింద "తమ్ముడు" అని సంతకం పెట్టావు. కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలా ఉంది. మీ బావ దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశారు, ఇంకేమైనా రాశావేమోనని.

తప్పు నాదని ఒప్పుకున్నాను. ఒకసారి ఒప్పుకుంటే చాలు, రోజూ ఒప్పుకుంటూ కూర్చోను. నిన్నంతా నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. ఇప్పుడు నాకూ కోపం వచ్చింది.

నలభై ఏళ్లుగా క్యాబిన్ల గురించి నాకు రాస్తున్నావు. సీటు వెడల్పు రాశావు, కిటికీ తెర రంగు రాశావు, ఏ విమానంలో ట్రే బల్లకి ఎన్ని మడతబందులుంటాయో రాశావు. అంత ఇష్టమైనవాడివి, సొంత అక్క ఆ సీట్లు కుట్టే చోట ముప్ఫై ఏళ్లు పనిచేస్తుంటే, ఒక్కసారైనా అడిగావా, అక్కా ఎలా కుట్టేవాళ్లు అని? సెలవులకి వచ్చినప్పుడు కూడా నాకు విమానాల గురించి చెప్పేవాడివే గానీ నన్ను చెప్పనిచ్చేవాడివి కాదు. ఒక్క మాట అడిగి ఉంటే నీ చారల సంగతి ముప్ఫై ఏళ్ల కిందటే తేలిపోయేది. ఇప్పుడు కూడా నా దగ్గర్నుంచి నీకు కావాల్సింది సంతకం ఒక్కటే. మిగతాదంతా నువ్వే రాసేశావు.

సరే. అడక్కపోయినా చెబుతున్నాను. బాతు సీటు గుడ్డ బూడిద కలిసిన నీలం. ఒక్క చార కూడా లేదు. అంచుల్లో ముదురెరుపు పైపింగు. గరుకు గుడ్డ, అడ్డంగా కోస్తే పోగులు లేచి గోళ్లలో ఇరుక్కునేవి. నేను చేరకముందు నుంచీ ఆఖరి రోజు దాకా సీటు మార్చినప్పుడల్లా అదే గుడ్డ.

నా మాట మీద నీకు నమ్మకం పోయి ఉంటుంది. పోవాలి కూడా. అందుకే నమ్మకు, వెళ్లి చూసుకో. ఆ కాలంలో ప్రతి సీటుకీ చెయ్యి ఆనించే చోట, చివర, సిగరెట్టు బూడిద వేసే చిన్న ఇనప డబ్బా ఉండేది. దాని కింద గుడ్డని లోపలికి మడిచి, పైన రేకు పెట్టి నాలుగు స్క్రూలు బిగించేవాళ్లం. కొత్త గుడ్డ వేసేటప్పుడు పాతది అంతా పీకెయ్యాలని మేస్త్రీ గారి ఆజ్ఞ. కానీ ఆ నాలుగు స్క్రూలూ మరీ చిన్నవి, విప్పబోతే వేళ్లు చీరుకుపోయేవి. రేకుని కొంచెం వదులు చేసి, మేస్త్రీ అటు తిరగ్గానే పాతదాని మీదే కొత్తది దోపేసేవాళ్లం. మా తర్వాత వచ్చినవాళ్లు కూడా అదే చేసి ఉంటారు. కుట్టుపనివాళ్ల బద్ధకం ఎక్కడైనా ఒకటే.

బాతు పని మానేశాక సంస్థవాళ్ల శిక్షణ బడిలో పదిహేనేళ్లు ఉంచారు కదా, ఎన్నిసార్లు గుడ్డ మార్చినా ఆ రేకు కింద మాత్రం మాది ఉంటుంది. డబ్బాలు ఇంకా ఊడదీయకపోతే వెళ్లి చూడు.

అక్క


బాతు లోపల, పదకొండో వరుస
మార్చి 31

అక్కా,

ఒళ్లో అట్ట పెట్టుకుని, నిజంగా బాతులోనే కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు. ఈ సీటుకి చెయ్యి ఆనించే చెక్క ఒకటే ఉంది, రెండోది నేనే ఊడదీశాను.

కోపం నీ మీద కాదని రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. నీ మీదే. మూడు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. కోపం కంటే భయం ఎక్కువక్కా. ఆ ముక్క పట్టుకునే కదా ఇన్నేళ్లూ విమానాలు చూశాను, అదే ఉత్తిదైతే నా ఇష్టం కూడా ఉత్తిదేనా అని. నాలుగో రోజు సాయంత్రం ఒకాయనకి కళ్లు పరీక్ష చేస్తున్నాను. దుకాణం మీదుగా విమానం వెళ్లిన చప్పుడైంది. ఆయన్ని ఒక కన్ను మూసుకునే ఉండమని చెప్పి వీధిలోకి పరిగెత్తాను. అది మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడి, లోపలికొస్తే ఆయన పాపం ఇంకా ఒక కన్ను మూసుకునే ఉన్నాడు. నా ఇష్టానికేమీ కాలేదని అప్పుడు అర్థమైంది. మర్నాడే నీ రెండో ఉత్తరం వచ్చింది.

నీ మాట తగిలింది. బాగా తగిలింది. నీ మరదలు చదివి "వదిన కరెక్టుగా రాసింది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రెండు రోజుల మర్యాద ఎప్పుడో ముగిసిందిలే.

నిన్న కమిటీ ముందు నిలబడ్డాను. "ఈ గుడ్డ బాతుది కాదు. కుట్టు విభాగం మేస్త్రీ గారి దిండుది" అన్నాను. పైలట్ గారు "దిండు ఎందుకు?" అని అడిగారు. చెప్పక తప్పలేదు. ఇంజనీర్లిద్దరూ ఒకేసారి నీళ్ల గ్లాసులు ఎత్తి మొహాలు దాచుకున్నారు. మేడమ్ మాత్రం నవ్వలేదు. "మరి అసలుది ఏదో చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. "మా అక్క ఉంది. నేను చూసినవాణ్ణి, కుట్టింది ఆవిడ. ఇన్నేళ్లలో నేనే ఎప్పుడూ అడగలేదు" అన్నాను. నా పదహారు పేజీలూ పుస్తకంలోంచి తీసేయమని నేనే చెప్పాను. బాధగానే ఉంది. ఆ ఐదు ఊళ్ల దారి భాగం మాత్రం ఉంచుతామన్నారు. మిల్లుకి మగ్గం ఆపమని అక్కడికక్కడే ఫోన్ చేశారు. నేసిన పన్నెండు మీటర్లూ ఏం చెయ్యాలని అడిగితే, పైలట్ గారు తన ఆఫీసు కుర్చీకి పంపమన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఈరోజు పొద్దున్న అందరం కలిసి ఇక్కడికి వచ్చాం. నలభై నాలుగు సీట్లలో ముప్ఫై ఒకటి మిగిలాయి. అందులో తొమ్మిదింటికి మాత్రమే బూడిద డబ్బాలున్నాయి. మ్యూజియంవాళ్ల స్క్రూడ్రైవర్లేవీ ఆ స్క్రూల్లో దూరలేదు. నా చొక్కా జేబులో కళ్లజోడు స్క్రూలు బిగించే బుల్లిది ఎప్పుడూ ఉంటుంది కదా, అది దూరింది. అరగంట పట్టింది. పైలట్ గారు టార్చి పట్టుకున్నారు. రేకు లేపగానే పైన గోధుమ రంగు రెక్సిను, దాని కింద నారింజ రంగు, దాని కింద ఏదో పూల గుడ్డ. అన్నిటికంటే అడుగున, బూడిద కలిసిన నీలం. అంచున ముదురెరుపు. తడిమితే గరుకుగా ఉంది, పోగు నా గోట్లో ఇరుక్కుంది.

నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంది. మేడమ్ నా భుజం తట్టి "మీ అక్కగారు ఎప్పుడొస్తారు?" అన్నారు. నలభై నాలుగు సీట్లూ ఎలా మడవాలో, ఎలా బిగించాలో దగ్గరుండి చూపించాలట. అందరూ టీ తాగడానికి వెళ్లారు, నేను ఉండిపోయాను.

ఇప్పుడు అడుగుతున్నాను అక్కా. ఆ మడత లోపలివైపు, ఎవరికీ కనబడని చోట, ఎర్ర దారంతో మూడు కుట్లున్నాయి. అవి గుడ్డని దేనికీ పట్టి ఉంచడం లేదు. ఇంకో సీటులో అదే చోట పసుపు దారంతో రెండున్నాయి. ఇవేమిటి? ఎందుకు వేసేవాళ్లు?

నీ గాలిమోటారు


అమ్మాయి వాళ్ల ఇల్లు, మేడ మీద గది
ఏప్రిల్ 6

ఒరేయ్ గాలిమోటారూ,

మీ బావ చదువుతూ చదువుతూ ఎర్ర దారం దగ్గరికి వచ్చేసరికి, ఉత్తరం ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

సీటు కుట్టు విడిపోతే ఎవరిదో తెలియాలని, మేస్త్రీ గారు ఒక్కొక్కరికీ ఒక రంగు దారం ఇచ్చేవారు. కుట్టడం అయ్యాక లోపలివైపు మన గుర్తు వెయ్యాలి. పసుపు రెండు కుట్లు మా పక్కన కూర్చునే పొడుగావిడవి. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఎర్రవి మూడూ నావి.

అప్పుడు నాకు ఇరవయ్యేళ్లురా. రోజుకి రెండు సీట్లు కుట్టేదాన్ని. కుట్టినవన్నీ ఎక్కడెక్కడికో ఎగిరిపోయేవి, ఎవరెవరో కూర్చునేవాళ్లు. ఆ మూడు కుట్లని చూసేవాడు మేస్త్రీ ఒక్కడే, అదీ తిట్టడానికి. తిట్టడానికి కాకుండా వాటిని చూసి, ఇవేమిటని అడిగిన మొదటి మనిషివి నువ్వు. నాకు ఏడుపొచ్చింది. చాలాసేపు ఏడ్చాను. సంతోషంతోనే అని రాయకపోతే నువ్వు కంగారుపడి బయలుదేరతావని రాస్తున్నాను.

సోమవారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మేడమ్ గారితో చెప్పు, గుడ్డ ఎవరినీ కోయనివ్వొద్దు, నేను వచ్చి కోస్తాను. సూదులు నావి నేను తెచ్చుకుంటాను.

అక్క